కుండ పెంకు వయసు

పిల్లలూ! సికింద్రాబాదు దగ్గర మౌలాలి గుట్టను మీలో కొందరు ఎక్కే వుంటారు. పైన కుతుబ్ షాహీల నాటి దర్గా, దానికి వందలాది మెట్లు. అయితే ఆ దర్గా కంటె, అసలు హైదరాబాదు కంటె ఎంతో పాతవి ఆ చుట్టుపక్కల వుండేవి. బండలు గుండ్రంగా పేర్చి, నడుమ రాతి పలకలతో గది కట్టి, చనిపోయినవారిని కుండలతోనూ ఇనుప పనిముట్లతోనూ కలిపి పాతిపెట్టిన సమాధులు. అంతంత బండలను మనుషులు మోయలేరనుకుని మన పల్లెలవాళ్ళు ఇటువంటివాటిని రాక్షసగుళ్ళు అన్నారు. నిజాము పాలనలో మౌలాలి సమాధులను తవ్వి చూశారు కూడా.

మరి వాటి వయసెంత? రాతిమీద రాజు పేరు లేదు, తేదీ లేదు. చరిత్ర పంతులుగారు ఇక్కడ ఆగిపోవలసిందే, పక్కగదిలోని భౌతికశాస్త్రం మాష్టారు సాయం రాకపోతే!

ఆయన అడిగేది ఒక కుండ పెంకు, దాని చుట్టూ వున్న కాస్త మన్ను. కుండమట్టిలో ఇసుక రేణువులుంటాయి గదా. మన్నులోనుంచి కంటికి కనబడని కిరణాలు ఎప్పుడూ కొద్దికొద్దిగా వస్తూనే వుంటాయి. వాటి శక్తిని ఆ రేణువులు ఏటేటా దాచుకుంటాయి, మీరు మట్టి డిబ్బీలో పైసలు వేసుకున్నట్టు. కుమ్మరి కుండను ఆవంలో కాల్చిన రోజున, అంతవరకూ దాచినదంతా ఆ వేడికి ఖాళీ! మర్నాటినుంచి మళ్ళీ మొదలు. వేలయేళ్ళ తరవాత చీకటిగదిలో ఆ రేణువులమీద ఒక రంగు వెలుతురు పడేట్టు చేస్తే, దాచుకున్న శక్తి సన్నని మెరుపుగా బయటికి వస్తుంది. యంత్రం దాన్ని కొలుస్తుంది. ఏడాదికి ఎంత చేరేదో చుట్టూ వున్న మన్నునుబట్టి తెలుస్తుంది. ఇక మిగిలింది మీకు వచ్చిన భాగహారమే.

గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలోనే ఇటువంటి సమాధులున్నవి. చరిత్ర ఆచార్యులు కె. పి. రావుగారి బృందం తవ్వితే ఇనుప పనిముట్లు దొరికాయి. వెలుతురు పరీక్షనుబట్టి అవి సుమారు క్రీ. పూ. 2200 ప్రాంతానివని 2015లో ప్రకటించారు. మన దేశంలో ఇనుము అంత పాతదని అదివరకు చాలామంది పండితులు అనుకోలేదు. ఒక్కచోటి లెక్కతో తేలే సంగతి కాదనుకోండి. ఇంకా అనేకచోట్ల చూడాలి.

చూడటానికి బండలు మిగలాలి గదా! నగరం పెరిగినకొద్దీ ఎన్నో రాక్షసగుళ్ళు ఇళ్ళ పునాదులకింద పోయాయి, కంకర అయిపోయాయి. మీరెప్పుడైనా రాళ్ళ వలయం చూస్తే పెంకు పీకి జేబులో వేసుకోకండి. పెంకు ఇంటికి వస్తుంది, చుట్టూ వున్న మన్ను అక్కడే వుండిపోతుంది. భాగహారంలో భాజకం పోయినట్టే. చోటు రాసుకుని, నాన్నగారిచేతనో అమ్మచేతనో పురావస్తు శాఖవారికి తెలియజేయించండి.

నా బల్లమీద అటువంటి పెంకొకటి వున్నది. చిన్నప్పుడు ముచ్చటపడి తెచ్చాను. ఎక్కడ దొరికిందో ఇప్పుడు నాకే జ్ఞాపకం లేదు.