బాలమల్లుల తల్లులకు

కోడి రామమూర్తిగారి బలమును గూర్చి వినని తెలుగువారరుదు. ఏలూరులోనో, తాడేపల్లిగూడెములోనో, కొల్లేటి లంకలలోనో మీ బిడ్డ కుస్తీ నేర్చుకొందునన్నచో భయపడి వారింపఁ బనిలేదు. కూఁతురడిగినను కాదనరాదు, 2016 వ సంవత్సరమున రియో ఒలింపిక్కులలో సాక్షి మలిక్ కుస్తీయందే కాంస్యపతకము గొనెను. అయినను తల్లి యెఱుఁగవలసిన సంగతులు కొన్ని గలవు.

కుస్తీలో జోడును బరువునుబట్టి కుదుర్తురు. తేలికవారితో తలపడిన గెలుపు సులభమని పిల్లలను పస్తులుంచుట, నీరు మాన్పించుట కొన్నిచోట్లఁ గలదు. ఇది ప్రాణాపాయము. 1997 లో అమెరికాలో ముగ్గురు కళాశాల విద్యార్థులు ఇట్లే నీరు మాని, చెమటపట్టించుకొని, బరువు తగ్గఁబోయి మరణించిరి. ఎవరు చెప్పినను దీనికి సమ్మతింపకుఁడు. ఎదిగెడు బిడ్డకు అన్నము, పప్పు, పెరుగు, తినువారైనచో కొల్లేటి చేఁపలు, కావలసినంత మంచినీరు ఇయ్యుఁడు.

మన సీమ యుక్కపోఁతలో తామర త్వరగా నంటును. అభ్యాసము కాఁగానే సబ్బుతో స్నానము చేయించి, బట్టలుదికి యెండవేయుఁడు. తువ్వాలు వేఱుగా నుంచుఁడు. మచ్చ కనఁబడినచో వైద్యుఁడు సరేయనువఱకు గోదాకుఁ బంపరాదు. రాపిడికి నెత్తురు గూడి చెవి వాచినచో తాత్సారము కూడదు. చికిత్స లేనిచో చెవి శాశ్వతముగా వికృతమగును. తలకు దెబ్బ తగిలి కన్ను తిరిగినను, వాంతియైనను ఆ క్షణమే యాట మాన్పించి వైద్యునకుఁ జూపుఁడు.

చేర్పించుటకు ముందు గోదాకుఁ బోయి చూడుఁడు. వయస్సునకును బరువునకును సరితూఁగువారితోనే జోడు గట్టు గురువు మంచివాఁడు. ఓడివచ్చిననాఁడు బిడ్డను గద్దింపక, కడుపునిండ నన్నము పెట్టుఁడు.