క్రిమి జాడ చెప్పే కరెంటు!

2011 మే నెల. ఉత్తర జర్మనీ ఆస్పత్రులకు రక్త విరేచనాల రోగులు వరస కట్టారు. చాలామందికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. కారణం ఈ-కొలి బ్యాక్టీరియా. మరి అది ఏ తిండిలోంచి వచ్చింది? స్పెయిన్ దోసకాయల్లోంచి అన్నారు హాంబర్గ్ అధికారులు. అంతే, వాటిని కొనే నాథుడు లేకుండా పోయాడు. అక్కడి రైతులు పంటను టన్నులకొద్దీ పారబోసుకున్నారు. తీరా చూస్తే దోసకాయల్లో ఉన్నది ఈ-కొలియే కానీ, జబ్బు తెచ్చిన రకం కాదు! మొలకలే అసలు దోషులని జూన్ 10న ప్రకటించారు. ఆరా తీస్తే అనుమానం ఈజిప్టు నుంచి వచ్చిన మెంతుల మీదికి వెళ్లింది. మొత్తంమీద 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు.

ఈ-కొలి మన పేగుల్లోనూ బోలెడు ఉంటుంది. కొన్ని రకాలే విషం చిమ్ముతాయి. ఏది ఏదో తేలాలంటే ల్యాబ్‌లో గాజు పళ్లెంలో పెంచి చూడాలి. పాలు తోడుపెట్టి తెల్లారేదాకా ఆగినట్టే! ఇక్కడ ఒకటి రెండు రోజులు, రకం తేలడానికి ఇంకొన్ని రోజులు. ఈలోగా ఆ తిండి కడుపుల్లోకి చేరిపోతుంది.

అందుకే శాస్త్రవేత్తల చూపు ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ల మీద పడింది. పేరు చూసి బెదరక్కర్లేదు, ఇంట్లో షుగర్ చూసుకునే గ్లూకోమీటర్ అలాంటిదే. రక్తంలోని గ్లూకోజు స్ట్రిప్ మీది ఎంజైముతో కలిసినప్పుడు పుట్టే కాస్తంత కరెంటును అది కొలుస్తుంది. ఈ ఆలోచనకు 1962లోనే బీజం వేసినవాడు అమెరికా శాస్త్రవేత్త లేలాండ్ క్లార్క్. క్రిముల సెన్సర్‌లో ఎంజైముకు బదులు తరచూ యాంటీబాడీలను అతికిస్తారు. అవి తమకు సరిపడ్డ రకాన్నే పట్టుకుంటాయి. క్రిమి చిక్కగానే కరెంటులో తేడా వస్తుంది. అది మరీ స్వల్పం కాబట్టి బంగారు నానో కణాలో, కార్బన్ నానోట్యూబులో పూస్తారు. దాంతో యాంటీబాడీలకు చోటు పెరుగుతుంది, కరెంటు సులువుగా పారుతుంది. ప్రయోగశాలల్లో గంటలోపే ఫలితం చెప్పేవి ఉన్నాయి.

మరి వంటింటికి ఎందుకు రాలేదూ అంటే... నీళ్లలో చక్కగా పనిచేసిన సెన్సర్ పాలల్లో తడబడుతుంది. కొవ్వు, ప్రొటీన్లు దానికి అతుక్కుంటాయి. చచ్చిన క్రిమినీ బతికినదే అనుకుంటుంది. పైగా ఓ157 అనే ఈ-కొలి రకం వంద కణాల లోపే ఉన్నా జబ్బు తేగలదు. పరీక్షించే చుక్కలో అది పడకపోవచ్చు. యాంటీబాడీలు పూసిన అయస్కాంత కణాలను కలిపి, క్రిముల్ని ఒకచోటికి లాగే పద్ధతి అందుకే వచ్చింది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. జర్మనీ మీద పడింది ఓ104 అనే అరుదైన రకం. అందరూ భయపడే ఓ157 కోసం చేసిన సెన్సర్ ఆ రోజు చేతిలో ఉన్నా, ఆ మొలకల్ని శుభ్రమనే చెప్పి ఉండేది.