చమురు ధర పడిన నాడు గృహిణి లెక్క

ముడి చమురు ధర తగ్గినదన్న వార్త మన యిండ్లలో సంతోషమునే కలిగించును. మన దేశము తనకు వలసిన ముడి చమురులో నూటికి ఎనుబది పాళ్ళకు పైగా పరదేశములనుండి కొనుచున్నది కావున ఆ సంతోషము సహజమే. కాని చమురు కంపెనీల జీతములపై బ్రతుకు కుటుంబములకు ఆ వార్తయే గుండెలో రాయి పడినట్లుండును. అమెరికాలో చమురు వ్యాపారమునకు కూడలియైన హ్యూస్టను నగరమున మన తెలుగువారును పెక్కురు కాపురము లున్నారు. అట్టి యిండ్ల చింతను గూర్చి మా సోదరీమణులతో కొంత ముచ్చటింప దలచితిమి.

2014 జూనులో పీపా చమురు, అనగా సుమారు 159 లీటర్లు, 115 డాలర్ల వరకు పలికెను. అమెరికాలో షేలు రాతినుండి తీయు చమురు నానాటికి హెచ్చెను. ఆ యేడు నవంబరు 27వ తేదీన వియన్నాలో సమావేశమైన ఒపెక్ దేశములు తమ ఉత్పత్తిని తగ్గించుట కొప్పుకొనలేదు. 2016 జనవరిలో ధర 30 డాలర్లకు దిగువకు జారెను. ధర పడినప్పుడు కంపెనీలు మొట్టమొదట మానుకొనునది క్రొత్త బావుల త్రవ్వకము. 2014 అక్టోబరులో అమెరికాయందు చమురుకై 1,609 రిగ్గులు పనిచేయుచుండగా, 2016 మే నెలలో 316 మాత్రమే మిగిలినవి. బావుల పనులు చేసిపెట్టు ష్లంబర్జే కంపెనీ యొక్కటియే ఆ మాంద్యమున 2016 జనవరి నాటికి సుమారు 34,000 ఉద్యోగములను తీసివేసినది.

ఉద్యోగము పోవుట యొక్కటియే ఆపద కాదు. జీతము, ఇల్లు, పొదుపు అన్నియు ఒకే కొయ్యకు కట్టబడి యుండుట అంతకంటె పెద్ద యాపద. 1986లో చమురు పది డాలర్ల సమీపమునకు పడినప్పుడు హ్యూస్టనులో పనులు పోయినవా రిండ్లు అమ్మజూచిరి. కొనవలసిన యిరుగుపొరుగువారిదియు అదే యవస్థ! పెక్కురు తమ యిండ్లను అప్పిచ్చిన బ్యాంకులకే వదలుకొనిరి. ఆ కాలపు దెబ్బకు టెక్సాసులోని పది పెద్ద బ్యాంకు సంస్థలలో తొమ్మిది మూతపడుటయో పరుల చేతికి పోవుటయో జరిగెను. అదే నగరమందలి ఎన్రాను కంపెనీ 2001 డిసెంబరులో దివాలా తీసెను. అందుకు హేతువు చమురు ధర కాదు, దొంగలెక్కలు. అయినను పాఠ మొక్కటే. ఉద్యోగుల వృద్ధాప్యపు పొదుపులో సగమునకు పైగా ఆ కంపెనీ వాటాలలోనే యుండుటచే, జీతమును పొదుపును ఒక్కసారిగా పోయినవి.

హెచ్-1బి అనుమతిపై నున్న మనవారి కింకొక చిక్కు గలదు. 2017 నుండి యున్న నిబంధన ననుసరించి, పని పోయినచో 60 దినములకు మించని గడువులో వేరొక యుద్యోగమో, వేరొక అనుమతియో సంపాదింపవలెను. లేనిచో దేశము విడువవలెను. 2020 ఏప్రిల్ 20వ తేదీన అమెరికా చమురు ధర సున్నకంటెను దిగజారిన దినములలో ఈ గడువు ఎంత చిన్నదో ఊహింపుడు!

ఇట్టి వేళ, చెప్పిన భార్య భయపడునని భర్త దాచును. అడిగిన నొచ్చుకొనునని భార్య మిన్నకుండును. ఈ మౌనము ధరకంటె ఎక్కువ హాని చేయును. దంపతు లిద్దరును చమురు కంపెనీలలోనే పనిచేయు నింట ఆపదయు రెట్టింపే. కావున మా మనవి యిది. నెలకు తప్పనిసరి వ్యయ మెంతయో ఇరువురును కలసి వ్రాయుడు. చేతనున్న సొమ్మును దానితో భాగింపుడు. 24,000 డాలర్లు నిలువయుండి నెల వ్యయము 4,000 అయినచో, ఆ యింటికి ఆరు మాసముల బలము గలదు. ధర హెచ్చిన యేట వచ్చు బోనసును జీతమని యెంచి ఇంటి యప్పు పెంచరాదు. జీతమిచ్చు కంపెనీ వాటాలలోనే పొదుపంతయు నుంచరాదు. స్వదేశమందలి తలిదండ్రులకు నెలనెల పంపు సొమ్ము తగ్గింపవలసి వచ్చినచో, ఆ మాట ముందుగనే చెప్పుట గౌరవము.

ధర పడిన పిదప ఈ లెక్క వేయబూనుట ఆలస్యమే యగును. చమురు ప్రియముగా నున్న నాడే, ఇంట నిబ్బరముగా నున్న వేళనే, దీనిని వేసికొనుట మేలు.