తలపై బొప్పి, గడ్డలు: వైద్య సహాయం ఎప్పుడు అవసరం

తల చర్మంలో రక్తనాళాలు అధికంగా ఉన్నందున చిన్న దెబ్బకు సైతం బొప్పి కడుతుంది. అయితే బొప్పి పరిమాణాన్ని బట్టి ప్రమాద తీవ్రతను అంచనా వేయరాదు. బొప్పి లేకున్నా పుర్రె లోపల రక్తస్రావం జరిగే అవకాశం ఉంది. మొదట మామూలుగా ఉన్నవారిలోనూ కొన్ని గంటల తర్వాత లక్షణాలు బయటపడవచ్చు.

వాపుపై గుడ్డలో చుట్టిన ఐసును 10 నుంచి 15 నిమిషాలు ఉంచాలి. గట్టిగా రుద్దరాదు. బాధితుని కనీసం 24 గంటలపాటు కనిపెట్టి ఉండాలి. స్పృహ తప్పడం, పదేపదే వాంతులు, తీవ్రమవుతున్న తలనొప్పి, మూర్ఛ, మాట తడబడటం, చెవి లేదా ముక్కు నుంచి రక్తం గానీ, నీరు వంటి ద్రవం గానీ కారడం ప్రమాద సూచనలు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108 అంబులెన్సులో వెంటనే ఆసుపత్రికి తరలించాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న ప్రారంభమైన ఈ ఉచిత సేవ రెండు తెలుగు రాష్ట్రాలలోనూ కొనసాగుతున్నది. ఏడాదిలోపు శిశువులను, రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవారిని లక్షణాలు లేకున్నా వైద్యునికి చూపించాలి.

దెబ్బ తగలకుండా నెమ్మదిగా పెరిగే గడ్డలలో అధికభాగం కొవ్వు గడ్డలు లేదా వెంట్రుకల కుదుళ్ల వద్ద ఏర్పడే తిత్తులు. ఇవి సాధారణంగా హానికరం కావు. గడ్డ వేగంగా పెరిగినా, గట్టిపడి కదలకున్నా, నొప్పి, చీము, రక్తం కనిపించినా పరీక్ష చేయించుకోవాలి. ఇంటివద్ద సూదితో పొడవడం, పిండడం చేయరాదు.