పిల్ల చేతికి సరిపోయే రైఫిలు

మా కోవిల్‌పట్టిలో పిల్లలకు ఆట అంటే హాకీ. మా వీధిలో ఏ ఇంట్లో చూసినా తలుపు వెనక ఒక హాకీ కట్టె ఉంటాది. మా అమ్మాయి మాత్రం తొమ్మిదో తరగతి సెలవుల్లో విరుదునగరంలో ఉన్న మా అక్క ఇంటికి పోయి, ఎయిర్ రైఫిలు కావాలని తిరిగొచ్చింది. అక్క వాళ్ల వీధిలో మిలిటరీలో చేసి రిటైరైన ఒకాయన మేడ మీద పది మీటర్లు కొలిచి, గురి అట్టలు పెట్టి, ఆశపడి వచ్చిన పిల్లలకు నేర్పిస్తాండాడు. అక్కడ మూడు రోజులు కాల్చింది. అంతే, హాకీ మూలకు పోయింది.

నేను స్పిన్నింగ్ మిల్లులో రింగ్ ఫ్రేమ్ ఫిట్టర్ని. మెషిన్ల గురించి నాకొకరు చెప్పక్కర్లేదనే పొగరు కొంచెం ఉండాది. ఆ పొగరుతోనే పోయిన దీపావళి బోనస్‌లో పదకొండు వేలు తీసి, ఎవరినీ అడక్కుండా ఒక రైఫిలు కొనుక్కొచ్చినాను. అంగడివాడు సెకనుకు వెయ్యి అడుగుల వేగం అన్నాడు. పైన దుర్భిణి బిగించి ఇచ్చినాడు. చూస్తే సినిమాలో తుపాకి మాదిరే ఉంది.

ఇంటికొచ్చి అమ్మాయి చేతికిచ్చినాను. ఇది స్ప్రింగు రైఫిలు. గొట్టాన్ని మధ్యకు విరిచి కిందికి వంచితే లోపల పెద్ద స్ప్రింగు వెనక్కి నొక్కుకుంటుంది. ట్రిగ్గర్ లాగితే ఆ స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, ఆ గాలికి గుండు పోతుంది. వేగం ఎంత ఎక్కువో స్ప్రింగు అంత గట్టి. అమ్మాయి బరువు ముప్పై ఎనిమిది కిలోలు. గొట్టం మోకాలికి ఆనించి రెండు చేతులతో ఒత్తింది, మొహం ఎర్రబడింది.

“నాయినా, ఇది నాకు వంగల్యా.”

“వంగుతాది, అలవాటైతే సరి” అన్నాను. వంగలేదు. నేనే వంచి ఇస్తూ వచ్చినాను. సగంలో చెయ్యి జారితే గొట్టం వెనక్కి ఎగిరొస్తుంది, మధ్యలో వేలుంటే వేలు పోతుంది. డ్రాఫ్టింగ్ రోలర్ దగ్గర కొత్త పిల్లలకు రోజూ జాగ్రత్త చెప్పే నాకు ఇది తోచలేదు.

నాలుగో వారం ఆదివారం దాన్ని కవరులో చుట్టి బస్సెక్కి విరుదునగరం పోయినాము. మాస్టారు తీసి చూసినాడు, చేతిలో ఒకసారి తూచినాడు.

“పిల్లకి కొన్నావా, పిట్టలకి కొన్నావా?”

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం నవ్వలేదు. ఒక గురి అట్ట తెచ్చి ముందు పెట్టినాడు. పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో పదికి పది వచ్చే చుక్క అడ్డం 0.5 మిల్లీమీటర్లు. మన భాషలో చెప్తే నలభై నంబరు నూలు మూడు నాలుగు పోగులు పక్కపక్కన పెట్టినంత. గుండు 4.5 మిల్లీమీటర్లు, అంటే చుక్క కంటే గుండే తొమ్మిదింతలు లావు. పోటీలో అరవై గుండ్లు, అన్నీ నిలబడే కాల్చాల. అట్ట పది మీటర్ల దూరంలో కదలకుండా ఉంటుంది కాబట్టి దానికి వేగం అక్కర్లేదు. పోటీ రైఫిళ్లలో గుండు సెకనుకు సుమారు 570 అడుగులు పోతే చాలు. గట్టి స్ప్రింగు చేసేదంతా గుండు బయటపడే లోపల తుపాకిని ముందుకూ వెనక్కూ ఊపడమే. పైగా ఈ పోటీలో దుర్భిణి పనికిరాదు. నేను ఎక్కువ డబ్బు పెట్టిన రెండూ, వేగమూ దుర్భిణీ, అమ్మాయికి అక్కర్లేనివే.

తర్వాత ఆయన తన పాత రైఫిలు ఒకటి అమ్మాయికిచ్చి భుజానికి పెట్టించినాడు. నేను ఈ మాసపత్రికకు రాయాలనుకున్నది ఇక్కడే మొదలైంది.

ఆయన ముందు చూసింది తుపాకిని కాదు, పిల్లని. బట్టు భుజంలో కూర్చున్నాక చూపుడు వేలు మొదటి కణుపు దగ్గరి మెత్తన ట్రిగ్గర్ మీద పడాల. మోచెయ్యి సాగదీస్తే కట్టె పొడుగు. చెంప కట్టె మీద ఆనిస్తే మెడ వంచకుండా కన్ను నేరుగా సైటు వెనకకు రావాల. మెడ వంచి సైటు వెతుక్కుంటే అరవై గుండ్లకు మెడ పట్టేస్తుంది. బరువు పోటీ నియమంలో 5.5 కిలోల దాకా ఉండచ్చు. అయితే ఉండచ్చు అన్నంత మాత్రాన పద్నాలుగేళ్ల పిల్ల మోయాలని లేదు. ఆయన గడియారం పట్టుకుని, గుండు లేకుండా ఒక నిమిషం గురి పట్టమన్నాడు. మా తుపాకితో ఇరవై సెకన్లకే కొస వణికింది. ఆయన తుపాకితో నిమిషం నిలిచింది.

సైట్ల సంగతి. ఓపెన్ సైటు అంటే వెనక గాడి, ముందు చిన్న పుల్ల. పీప్ సైటు అంటే వెనక సన్నటి రంధ్రం, ముందు ఒక వలయం, ఆ వలయంలో నల్ల గుండ్రం కుదరాల. పెద్ద పోటీలకు పీప్ సైటే. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో మాత్రం ఓపెన్ సైటుకు వేరే విభాగం ఉంది. అందుకే మొదటి తుపాకిగా తక్కువ శక్తి ఉన్న ఓపెన్ సైటు స్ప్రింగు రైఫిలు తప్పేమీ కాదు అంటాడాయన. ఊపిరి, నిలబడటం, ట్రిగ్గర్ మెల్లగా పిండడం దాంతోనే వస్తాయి.

ఆ పైన ఉండేది గాలి నింపుకునే సిలిండర్ రైఫిలు, పీసీపీ అంటారు. స్ప్రింగు ఉండదు, ఊపు ఉండదు, ట్రిగ్గరుకు వంద గ్రాముల బలం సరిపోతుంది. జర్మనీవాళ్ల వాల్టర్, ఫైన్‌వెర్క్‌బావ్, ఆన్షుట్జ్ పేర్లు పిల్లలందరికీ నోటికొచ్చు. కొత్తదైతే ధర లక్షల్లోకి పోతాది. సిలిండర్‌లోకి 200 బార్ గాలి ఎక్కాల. మన మిల్లు కంప్రెసర్ ఏడెనిమిది బార్‌తోనే నడుస్తాదని గుర్తు పెట్టుకోండి, దానికి వేరే పంపు కావాల. పాతది దొరికితే ముందు సిలిండర్ మీద తయారీ తేదీ చూడండి. గడువు దాటిన సిలిండర్‌కు గాలి ఎక్కించకూడదు. ఆ తర్వాత తుపాకిని సంచి మీద ఆనించి, ఒకే గురికి పది గుండ్లు కాల్చి చూడండి. పది చిల్లులూ ఒకే చిల్లు మాదిరి ఉండాల. పెయింటు చూసి కొనకండి. స్పిండిల్‌ను మనం తిప్పి చూస్తామే గాని మెరుపు చూస్తామా?

హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఈ పది మీటర్ల పోటీలోనే కంచు పతకం తెచ్చినాడు. ఆయనకు రైఫిలు కొనడానికి అమ్మానాన్నలు స్థలం అమ్మినారని పత్రికల్లో చదివి ఇంట్లో చెప్పినాను. మా ఇంటామె “మనకుండేదే రెండు సెంట్లు” అని వంటింట్లోకి పోయింది. ఆమె తప్పు లేదు. నారంగ్ అకాడెమీలో నేర్చుకున్న ఇళవేనిల్ వాలరివన్ మన కడలూరులో పుట్టిన పిల్ల. 2019లో రియో ప్రపంచకప్‌లో బంగారు పతకం గెలిచింది. ఆ పిల్ల ఫోటో మా గోడ మీద ఉంది.

చట్టం సంగతి కూడా ఒక మాట. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్లు దాటని గుండు, 20 జౌళ్లు దాటని శక్తి ఉన్న గాలి తుపాకికి లైసెన్సు అక్కర్లేదు. పోటీ రైఫిలు శక్తి అందులో సగం కూడా ఉండదు. బిల్లు మాత్రం దాచండి. లైసెన్సు లేదంటే బొమ్మ అని కాదు. ఇది నేను తిట్లు తిని నేర్చుకున్నది.

ఒక మధ్యాహ్నం నేను అర నైట్ షిఫ్టుకు ముందు పడుకున్నప్పుడు, బీరువా వెనక పెట్టిన తుపాకిని మా తమ్ముడి కొడుకు తీసినాడు. పన్నెండేళ్లు. వేపచెట్టు మీద గోరింకను గురి పెట్టినాడు. గోరింక ఎగిరిపోయింది. గుండు పక్కింటి మేడ మీద ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకులో దిగింది. ట్యాంకు పక్కనే ఆ ఇంటి కోడలు బట్టలు ఆరేస్తాంది. చిల్లు ఆమె నడుము ఎత్తులో ఉంది. ట్యాంకు ఖర్చు ఇచ్చినాను, కాళ్లు పట్టుకున్నంత పని చేసినాను. ఇప్పుడు తుపాకి ఇనప పెట్టెలో, తాళం నా మొలతాడుకు. గుండ్లు వేరే చోట. అవి సీసంవి గనుక ముట్టుకున్నాక చేతులు కడుక్కోనిదే అన్నానికి కూర్చోనివ్వను.

అంగడివాడు తుపాకిని వాపసు తీసుకోలేదు. అమ్మాయి ప్రతి ఆదివారం విరుదునగరం పోయి మాస్టారు తుపాకితోనే కాలుస్తాంది. బస్సు చార్జీ, గుండ్ల డబ్బా, అంతే ఖర్చు. మా ఇంటామె చీటీ ఏప్రిల్‌లో చేతికొస్తాది. అప్పుడు ఓపెన్ సైటు రైఫిలు ఒకటి కొందామని ఆమే అనింది. కొలతలు ఇప్పుడే తీసుకుందామా అని మాస్టారును అడిగినాను.

“ఏప్రిల్‌లో రా. పిల్ల ఇంకా పెరుగుతాంది” అన్నాడు.