కణాల నడుమ రాయబారి

మానవ శరీరం లక్షల కోట్ల కణాల సముదాయం. ఆ కణాలు పరస్పరం కబుర్లు పంపుకుంటూ ఉంటేనే ప్రాణయాత్ర సాగుతుంది. గాయమైన చోట కొత్త చర్మం ఎలా పుడుతుంది? పుండు మానగానే ఆ పెరుగుదల ఎందుకు ఆగిపోతుంది? సంకేత ప్రోటీన్లనే సూక్ష్మదూతల గురించి తెలుసుకుంటే ఈ ప్రశ్నలకు సమాధానం లభిస్తుంది. వాటిలో ఒకటి ఎపిడెర్మల్ గ్రోత్ ఫాక్టర్. దీనినే క్లుప్తంగా ఇ.జి.ఎఫ్. అంటారు.

కృష్ణా డెల్టాలోని నందివాడ వంటి గ్రామాలలో చేలకు నీరు పారే విధానం అందరికీ పరిచితమే. నీరు వదలమని కబురు వస్తుంది. లష్కరు తూము తలుపు ఎత్తుతాడు. కబురు తెచ్చినవాడు పొలంలో దిగవలసిన పని లేదు. ఇ.జి.ఎఫ్. పని కూడా ఇటువంటిదే. అది కణం పైపొరలో ఉన్న గ్రాహకాన్ని తాకుతుంది. గ్రాహకం ఆ సందేశాన్ని లోపలికి అందిస్తుంది. అంతట కణం విభజనకు సిద్ధమవుతుంది.

మరి గ్రాహకం దూతను గుర్తించేదెలా? అశోకవనంలో సీతాదేవి శ్రీరాముని ముద్రికను చూసి హనుమంతుణ్ణి విశ్వసించింది. ఇ.జి.ఎఫ్.కు దాని ఆకృతే ముద్రిక. 53 అమైనో ఆమ్లాల గొలుసు మూడు గంధక బంధాలతో ముడిపడి ఆ ఆకృతిని పొందుతుంది. ముడులు తప్పితే గ్రాహకం దానిని సరిగా గుర్తించదు.

ఈ ప్రోటీన్‌ను కనుగొన్నవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు స్టాన్లీ కోహెన్. చిట్టెలుకల లాలాజల గ్రంథుల సారాన్ని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ఎక్కించగా, సుమారు రెండు వారాలకు విచ్చుకోవలసిన కనురెప్పలు వారం రోజులకే విచ్చుకున్నాయి. ఆ వింతకు కారణం అన్వేషించి 1962లో ఆయన ఈ పదార్థాన్ని లోకానికి తెలియజేశాడు. వృద్ధి కారకాల ఆవిష్కరణకు 1986లో రీటా లెవీ మొంటాల్చినితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు.

మానవ దేహంలో ఇ.జి.ఎఫ్. అత్యల్పంగా ఉంటుంది. పరిశోధనకు కావలసినంత సేకరించడం దుష్కరం. ఈ చిక్కును జన్యు సాంకేతికత తీర్చింది. 1973లో హెర్బర్ట్ బోయర్, స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రజ్ఞులు వేర్వేరు డి.ఎన్.ఎ. ముక్కలను అతికి బ్యాక్టీరియాలో ప్రవేశపెట్టారు. ఈ కోహెన్ వేరు, ఇ.జి.ఎఫ్.ను కనుగొన్న కోహెన్ వేరు. పేరు మాత్రం ఒక్కటే. ఈ పద్ధతిలో మానవ జన్యువును బ్యాక్టీరియాలో గాని, ఈస్టులో గాని చేర్చితే ఆ సూక్ష్మజీవులే మానవ ప్రోటీన్‌ను తయారుచేస్తాయి. దానిని శుద్ధి చేసి, ఆకృతిని పరీక్షించి ప్రయోగశాలలకు అందిస్తారు. ఇదే పునస్సంయోజిత ప్రోటీన్.

ప్రయోగశాలలో కణాలను పెంచే ద్రవంలో మిల్లీలీటరుకు పది, ఇరవై నానోగ్రాముల ఇ.జి.ఎఫ్. కలిపితే సాధారణంగా చాలు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. ఇంత స్వల్పమైన మోతాదుతో కణం ఎలా మేల్కొంటుందో, ఎక్కడ ఆగుతుందో శాస్త్రజ్ఞులు అంచెలంచెలుగా పరిశీలిస్తారు.

ఈ పరిశీలన ఫలితం రోగి దాకా వచ్చింది. మధుమేహం ముదిరినవారికి పాదాలలో స్పర్శ మందగిస్తుంది. బురదలో పనిచేసే రైతుకు కాలిలో ముల్లు దిగినా తెలియకపోవచ్చు. ఆ పుండు మానక, చివరకు కాలు తీసివేయవలసిన దుస్థితి కలుగుతుంది. ఇటువంటి పుండ్ల కోసం హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ పునస్సంయోజిత మానవ ఇ.జి.ఎఫ్.తో 'రీజెన్-డి' అనే లేపనాన్ని రూపొందించింది.

అయితే ఎత్తిన తలుపు దిగకుండా ఇరుక్కుంటే చేను మునిగిపోతుంది. కొన్ని రకాల కాన్సర్లలో ఇ.జి.ఎఫ్. గ్రాహకం కబురు లేకున్నా పనిచేస్తూనే ఉంటుంది. కణాలు అదుపు తప్పి పెరుగుతాయి. అందుకే ఆ గ్రాహకాన్ని అడ్డుకునే ఔషధాలను కూడా శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ప్రయోగశాల కోసం తయారైన ప్రోటీన్ సీసాపై 'పరిశోధనకు మాత్రమే' అని రాసి ఉండటంలోని అంతరార్థం కూడా ఇదే. మనుషులపై పరీక్షించి, భద్రతను నిర్ధారించి, అనుమతి పొందిన తరువాతే ఏ పదార్థమైనా ఔషధమవుతుంది.

పుండును మాన్పే సందేశమే అదుపు తప్పితే ప్రాణాంతకమవుతుంది. సందేశం ఎప్పుడు మొదలుకావాలో, ఎప్పుడు ఆగాలో తెలుసుకోవడమే ఈ పరిశోధన లక్ష్యం.

ప్రశ్నలు
1. ఇ.జి.ఎఫ్. పనితీరును తూము, లష్కరుల ఉపమానంతో వివరించండి.
2. పునస్సంయోజిత ప్రోటీన్‌ను ఎలా తయారుచేస్తారు?
3. 'పరిశోధనకు మాత్రమే' అనే హెచ్చరిక ఆవశ్యకతను తెలపండి.