ఇనుపదారి వెడల్పు, పొలముదారి



రైలుదారి మాట వచ్చినప్పుడెల్ల, స్టేషను మన యూరికి వచ్చునా, పొరుగూరికి పోవునా యని యడుగుట మనవారి వాడుక. అంతకంటె ముందడుగవలసిన దొకటి గలదు. దాని మూలము పట్టాల వెడల్పునం దున్నది.

1853వ సంవత్సరమున బొంబాయి నుండి ఠాణాకు తొలి ప్రయాణికుల బండి నడచినపుడు పట్టాల నడిమి యెడము అయిదున్నర అడుగులు. ఇది బ్రాడుగేజి. దీనికి వ్యయ మధికమగుటచే, 1870 ప్రాంతమున మేయో ప్రభువు రాజప్రతినిధిగా నుండగా, ఒక్క మీటరు యెడముగల దారిని గూడ నంగీకరించిరి. గుంటూరు గుంతకల్లుల నడుమ తొలుత వేసిన దిట్టిదే. అది చౌకయైనది, కొండలలో వంపులు తిరుగుటకు ననువైనది.

కాని యిరుసు పొట్టిదైన బండి పెద్దబండి గాడిలో నడవదు గదా! మీటరుగేజిపై వచ్చిన సరకును గుంతకల్లు వంటి కూడలిలో దింపి, బ్రాడుగేజి పెట్టెల కెక్కింపవలసి యుండెడిది. కాలము, కూలి, తరుగు, మూడును నష్టమే. ఈ చిక్కు తీర్చుటకే 1992లో దేశమంతట నొకే వెడల్పు చేయు పథకము నారంభించిరి.

వెడల్పుదారి మిక్కిలి బరువు మోయును. కాని బిగువైన మలుపుల కొప్పదు. నల్లమలలో దొరబావి యొద్ద పాత వంతెనను విడిచి వేఱుదారి వేసిరి. నడికుడి నుండి శ్రీకాళహస్తికి తలపెట్టిన సుమారు 309 కిలోమీటర్ల దారివంటి క్రొత్తదారులును, ఊరిని జూచి యొదిగి పోజాలవు. నేను బడిలో భూగోళము చెప్పునపుడు పటముపై రైలుదారిని సన్నని నల్లగీతగా జూపుచుండెడివాడను. నేలపై నది యెత్తైన మట్టికట్ట. చెఱువు నొకవైపున, ఆయకట్టు నింకొకవైపున నిలుపగలదు.

ఇందుకు 1989 నాటి రైల్వే చట్టములో నుపాయ మున్నది. దారి వేయునపుడు గాని, వేసిన వెంటనే గాని, ప్రక్కపొలములవారికి వలసిన దాటుదారులు, తూములు, నీటికాలువలు రైల్వేవారే కట్టింపవలెను. ఎవ్వి యవసరమో తేల్చునది రాష్ట్రప్రభుత్వము. అవి చాలవని తరువాత నడిగినచో, వ్యయము కోరినవారిదే.

కావున సర్వేవారు రాళ్లు పాతిన నాడే పెద్దలు గూడి, కాలువలు, డొంకలు, పశువుల బాటలు, శ్మశానపుదారి, వాననీటి వాలు గ్రామపటముపై గుర్తించి, వ్రాతమూలముగ కలెక్టరునకును రైల్వేవారికిని నివేదింపవలెను. స్టేషను రాకున్నను ఊరు బ్రదుకును. నీరు రాకున్న బ్రదుకదు.